మామయ్య ఎంచిన కుక్కపిల్ల

కుక్కపిల్ల విషయంలో మా మేనమామ చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

యుద్ధం జరుగుతున్న రోజులు. గురజాల దగ్గర ఒక ఊళ్లో, మిషన్ బడిలో పంతులమ్మగా పనిచేసేదాన్ని. పెళ్లి కాలేదు. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉండేది. ఆమెకు చూపు మందగించి, గోడ పట్టుకుని నడిచేది. సాయంత్రమైతే బడిపిల్లలు పలకలు తీసుకుని మా పంచలోకి చేరేవాళ్లు. పగలంతా అమ్మ ఒక్కతే ఉంటుంది కదా, తోడుగా ఒక కుక్కపిల్లను తెచ్చుకుందామనుకున్నాను.

ఊరి చివర గొర్రెల కాపరి ఇంట్లో కుక్క ఈనిందని తెలిసింది. పక్క ఊరి నుంచి అమ్మను చూడటానికి వచ్చిన మామయ్య తనూ వస్తానని బయల్దేరాడు.

"ఏది కావాలో చూసుకో పంతులమ్మా," అని కాపరి దొడ్డి తడిక తీశాడు.

నేను నేల మీద కూర్చున్నాను. నల్లపిల్ల ఒకటి ఉరికొచ్చి నా చీర అంచు పట్టి గుర్రుమంటూ లాగింది. ఇంకొకటి తల్లి వెనక దాక్కుంది. గోధుమరంగుది మాత్రం మెల్లగా వచ్చి నా పాదాలు వాసన చూసింది. ఒళ్లో వెల్లకిలా పడుకోబెడితే గింజుకోలేదు. కాపరి చేతికర్ర దభీమని కింద పడితే చెవులు నిక్కించి అటు చూసిందే గాని పారిపోలేదు.

"ఇదే," అన్నాను.

మామయ్య నవ్వాడు. "మొద్దు మొహంది. మగదిక్కు లేని ఇంటికి ఇదేం కాపలా కాస్తది? కరిచేది కావాల. ఆ నల్లదాన్ని తీసుకో."

"అమ్మకు చూపు ఆనదు మామయ్యా. ఇంటికి పిల్లలొస్తారు. నెమ్మదైంది కావాలి."

"కుక్కల సంగతి నీకేం తెలుసే? పాఠాలు చెప్పుకునేదానివి, చెప్పుకో పో."

నల్లదాన్ని ఎత్తి నా బుట్టలో వేశాడు. కాపరి తల దించుకున్నాడు. అతని గొర్రెలు మేసేది మామయ్య బీళ్లలోనే. ఇంటికి వెళ్తే అమ్మ, "పోనీలే, నీకంటే పెద్దోడు చెప్పాడుగా," అంది. నేను నల్లదాన్ని వాకిట్లో కట్టేశాను.

ఆ నల్లది చెడ్డ కుక్కేమీ కాదు. దానికి పరుగెత్తడానికి చోటు కావాలి. మా ఇరుకు వాకిట్లో కట్టేస్తే తాడు కొరికేది, పిల్లల మడమలు పట్టేది. కొందరు మా ఇంటికి రావడమే మానేశారు. ఒకరోజు తాడు తెంపుకుని, నీళ్లకుండ దగ్గరికి వెళ్తున్న అమ్మ కాళ్లకు అడ్డం పడింది. ఆమె రోటి మీద పడి మణికట్టు వాచిపోయింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక కుక్కను తాడుతో పట్టుకుని మామయ్య ఊరికి నడిచాను. ఆయన అరుగు మీద గోధుమరంగు కుక్కపిల్ల పడుకుని ఉంది. మామయ్య చిన్నకూతురు దాని చెవి పట్టి లాగుతోంది. అది కళ్లు మూసుకుని ఊరుకుంది.

మామయ్య బయటికొచ్చాడు.

"ఇదెట్టా వచ్చింది మామయ్యా?"

"పసిపిల్లలున్న ఇల్లు. కరిచే కుక్కని ఎట్టా తెచ్చుకుంటాం?"

కొంచెమైనా సిగ్గుపడకుండా చెప్పాడు. దొడ్డిలో మొద్దు మొహందని నవ్వినప్పుడే దాన్ని తనకోసం ఎంచుకున్నాడన్నమాట.

"మా ఇంట్లో ఉండేది మనుషులు కాదా? కింద పడింది నీ తోడబుట్టిందే. అన్నం కలుపుకోలేకపోతంది."

"అరవబాకు. వీధిలో ఇంటారు."

"విననీ."

నల్లదాన్ని ఆయన గుంజకు కట్టేసి, గోధుమరంగుదాన్ని చంకనెత్తుకున్నాను. ఆ పాప ఏడ్చింది. పాపం అనిపించింది, అయినా దించలేదు. "మళ్లీ నా గడప తొక్కమాక," అని మామయ్య వెనక నుంచి అరిచాడు.

సంగతి విని అమ్మ నన్నే తిట్టింది. "నాకున్న ఒక్క తమ్ముడితో తెగతెంపులు చేసొచ్చావా?" తిడుతూనే లేచి గోడ పట్టుకుని నడిచింది. దారిలో పడుకున్న కుక్కపిల్ల ఆమె అడుగు చప్పుడుకు లేచి పక్కకు తప్పుకుంది. అమ్మ వంగి దాని తల తడిమింది.

నల్లది మామయ్య మిరపచేలో హాయిగా తిరుగుతూ పెరిగింది. మంచి కుక్కను ఎంచింది తనేనని ఆయన అందరికీ చెప్పుకున్నాడు, నాకు పొగరనీ చెప్పాడు. అమ్మను చూడాలంటే నేను బడిలో ఉన్న వేళ చూసుకుని వచ్చేవాడు. ఒక కుక్క కోసం ఇంత పంతమేంటి, వెళ్లి తప్పయిందని చెప్పి రమ్మని మా బంధువులు చానాసార్లు నచ్చజెప్పారు. నేను వెళ్లలేదు.