స్కేలు దించిన జంటపాట

కరోనా తగ్గాక వచ్చిన తొలి పెళ్లిళ్ల సీజన్‌లో మా పలాస ఆర్కెస్ట్రాకు బారువలో ఒక రిసెప్షన్ కుదిరింది. నేను అప్పుడు ప్రధాన గాయనిని. మాలో ఆఖరి మాట కీబోర్డు వాయించే మాస్టారిది. ఏ పాట ఏ స్కేలులో, అంటే ఏ శ్రుతిలో పాడాలో ఆయనే నిర్ణయిస్తారు.

నాతో జంటపాటలు పాడే సింహాచలం అన్నయ్యది ఉద్దానంలో కొబ్బరి రైతు కుటుంబం. కిడ్నీలు చెడి, పలాసలో డయాలసిస్ చేయించుకుంటున్నాడు. ఆ మధ్యాహ్నం రిహార్సల్లో పల్లవి పూర్తికాకుండానే ఆయనకు ఊపిరి చాలలేదు. మళ్లీ పాడినా అంతే.

"పెళ్లోరు ఊరుకోరు బావా. టెక్కలి నుంచి ఇంకొకల్ని రప్పిత్తాను. నువ్వు కూకో," అన్నారు మాస్టారు.

"ఒక్క పాటైనా పాడనీ. ఈయాల కూకున్నానంటే మరెవులూ నన్ను పిలవరు," అన్నాడు అన్నయ్య.

అన్నయ్యకు తేలికయ్యేలా స్కేలు దించమని, ప్రతి లైను చివరి మాటా ఆయనతో కలిసి నేనందుకుంటానని మాస్టారికి చెప్పాను. నడక మాత్రం తగ్గించవద్దన్నాను. పాట నెమ్మదిస్తే లైను లైనుకూ ఊపిరి ఇంకా ఎక్కువ కావాలి.

"దించితే నీ గొంతు అడుక్కి పోద్ది. నీ పాట ఎవులికీ ఇనపడదు," అని మాస్టారు హెచ్చరించారు.

"పోతే పోనీండి మాస్టారూ," అన్నాను.

సాయంత్రం పల్లవి బాగానే గడిచింది. చరణంలో ఒకచోట ఊపిరి చాలక అన్నయ్య మాట మధ్యలోనే ఆగిపోయాడు. అవి మగవాడు పాడవలసిన మాటలు. నేను వాటిని వదిలి, అదే బాణీని ఆలాపనగా అందుకున్నాను. ఆయన మైకు నుంచి ముఖం తిప్పుకుని ఊపిరి తీసుకుని, తర్వాతి లైనుకు వచ్చి కలిశాడు. కావాలనే అలా కట్టారనుకుని జనం ఈలలు వేశారు. నా వంతు వచ్చేసరికి మాత్రం కింది స్వరాలు పలకలేదు.

స్టేజీ దిగుతుంటే పెళ్లివారి ఆడమనిషి ఒకామె పక్కామెతో అంటోంది: "ఆ బాబు బాగా పాడినాడు గానీ, ఆయమ్మ గొంతే పడిపోనాది."

నాకు మనసు చివుక్కుమంది. అన్నయ్య ఆమెకేదో చెప్పబోతే వద్దని సైగ చేశాను.

ఆ సీజనంతా ఆయన పాడాడు. నిలబడడం కష్టమయ్యాక తనంతట తానే మానుకున్నాడు. నందిగాంలో ఆ బారువ పెళ్లివారి బంధువుల ఇంట పెళ్లికి నా బదులు వేరే గాయనిని అడిగారు. మాస్టారు పంపించారు. అది ఆయన వృత్తి, నేను తప్పుపట్టలేదు.

జంటపాటకు స్కేలు పెట్టేముందు, ఇద్దరిలో ఊపిరి తక్కువున్న మనిషిని అడగాలి. రెండోవారి పాట కొంత తగ్గుతుంది. ఆ సంగతి తెలిసే ఒప్పుకోవాలి.