రెండు రౌటర్లకు ఒకటే అడ్రసు

చంద్రగిరిలో మా ఇంటికి ఇంటర్నెట్ బాగుచేయడానికి వచ్చే మనిషి, ఏ లోపమున్నా చూపుడువేలు కప్పు వైపు ఎత్తి, "లైను పైనుంచే లేదు మేడం" అనేవాడు. పని తెలియకపోవడాన్ని అంత ధీమాగా మోసే మనిషిని నేను మరొకణ్ణి చూడలేదు.

అతను మేడ మీద రెండో రౌటరు పెట్టిపోయినప్పటి నుంచి నెట్ మాటిమాటికీ తెగిపోయేది. దాంతో మా వదిన ఉద్యోగం ఇంటర్వ్యూ మధ్యలోనే ఆగిపోయింది. వాళ్లు దయతలచి మర్నాడు పదకొండింటికి మళ్లీ కూర్చోమన్నారు. ఆ ఉదయం అతను వచ్చి, రౌటరు ముట్టుకోకుండానే వేలెత్తాడు.

వదిన ల్యాప్‌టాప్‌లో రెండు రౌటర్ల సెట్టింగులూ తెరిచి చూసింది.

"ఏమప్పా, కిందదానికీ పైదానికీ ఒకటే అడ్రసు పెట్టినావే. రెండిళ్లకు ఒకటే నంబరుంటే ఉత్తరం యాడికి పోతాది?"

"అవన్నీ ఆడోళ్లకు అర్థం కావులే మేడం."

వదిన మళ్లీ ల్యాప్‌టాప్ వైపు తిరిగింది. పై రౌటరు అడ్రసు చివర ఒకటి తీసి రెండు వేసింది. నెట్ నిలబడింది. ఇంటర్వ్యూ పూర్తయింది, ఉద్యోగమూ వచ్చింది.

వారం తర్వాత అతను మా గేటు దగ్గర వదినను గొంతు తగ్గించి అడిగాడు. "మేడం, పక్కవీధిలో కూడా ఇదే తంటా. ఆ నంబరు యాడ మార్చినారో రవ్వంత సూపించండి."

నేనైతే గేటు వేసేదాన్ని. వదిన ఓపిగ్గా కాగితం మీద రాసిచ్చింది.

మర్నాడు పక్కవీధి టీచరమ్మ నాతో అంది. "ఆయప్పకు భలే తెలివి. మీ వదినకు కూడా ఆయప్పే నేర్పించినాడంట కదా."