చెమట పట్టని చొక్కా

మా ఆయన ఆదివారాలు మాడుగుల వైపు కొండలెక్కడం మొదలుపెట్టిన మూడో వారానికి నాకు అనుమానం పుట్టింది. కారణం ఆయన చొక్కా. పొద్దున్నే బండి మీద వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేవారు. ఉతకడానికి తీస్తే చొక్కా పొడిగా ఉండేది. అనకాపల్లి బజారుకి వెళ్ళొస్తేనే వీపు తడిసిపోతుంది. కొండెక్కిన మనిషికి చెమట పట్టదా?

నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. బట్టని వేళ్ళ మధ్య నలిపి నూలో కాదో చెప్పేస్తాను. ఆ చొక్కా పలచటి పాలిస్టరు. నా లెక్కలో చెమట పీల్చనిది, ఒంటికి అంటుకునేది. అలాంటిది వేసుకుని ఎవరైనా కొండెక్కుతారంటే నమ్మలేదు. ఎక్కడో ఫ్యాను కింద కూర్చుని వస్తున్నారనుకున్నాను. ఎవరింట్లో అన్నదే తేలలేదు. బూట్లకి మట్టి ఉండేది గానీ, మట్టి ఎక్కడైనా అంటుకుంటుంది.

ఒక శనివారం మధ్యాహ్నం, "రేపు నేనూ వత్తాను" అన్నాను.

ఆయన ఒక్క క్షణం ఆగారు. ఆ ఆగడం నేను గుర్తుపెట్టుకున్నాను.

"రా. కానీ నూలు బట్టలొద్దు. తడిత్తే ఆరవు, పైన చలేత్తాది."

నా దగ్గరున్నవన్నీ నూలువే. నన్ను రానివ్వకుండా ఇదో ఎత్తు అనుకున్నాను. "బట్టల గురించి నాకు మీరు సెప్తారేటి?" అని, మర్నాడు పంతానికి మందపాటి నూలు చుడీదారే వేసుకున్నాను.

కొండ కింద ఆయన ఆఫీసు స్నేహితుడు ఎదురుచూస్తున్నాడు. "ఇన్నాళ్ళకి తీసుకొచ్చేవా బావా, మా సెల్లిని!" అన్నాడు. అదీ ముందే నేర్పిపెట్టిన మాటలా వినిపించింది.

అరగంటకే నా వీపంతా తడిసింది. ముందు నడుస్తున్న మా ఆయన చొక్కా మీదా నల్లగా తడి మచ్చ కనిపించింది. కళ్ళు దాని మీదే పెట్టి ఎక్కాను. పైకి చేరి రాతి మీద కూర్చున్నాం. గాలి తగిలిన కాసేపటికే ఆ మచ్చ మాయమైంది. నా చుడీదారు మాత్రం చల్లగా వీపుకి అతుక్కుపోయింది. పళ్ళు టకటకలాడాయి.

ఆయన సంచీలోంచి ఒక చొక్కా తీశారు. ఆడవాళ్ళది, చిన్న సైజు.

"ఎవరిదిది?"

"నీదే. నిన్న సాయంత్రం కొన్నాను. కొలతకి నీ బ్లౌజొకటి పట్టుకెళ్ళేను. నువ్వు నూలే ఏసుకొత్తావని తెలుసు." ఒక మెత్తటి స్వెట్టరు, పలచటి గాలికోటు కూడా తీశారు. "తడిబట్ట మీద ఎన్ని కప్పినా లాభం లేదు. ముందది మార్చు. తర్వాత స్వెట్టరు. గాలి ఎక్కువైతే ఇది పైన."

చొక్కాకి షాపు చీటీ ఇంకా వేలాడుతోంది. అయినా తిప్పి తిప్పి చూశాకే రాతి చాటుకి వెళ్ళి మార్చుకున్నాను. కాసేపటికి వణుకు తగ్గింది.

దిగేటప్పుడు స్నేహితుణ్ణి ముందుకి పోనిచ్చి, నేననుకున్నదంతా ఆయనకి చెప్పేశాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "ఇన్ని వారాలూ అలాగే అనుకున్నావా?" అని అడిగారు.

తరవాతి ఆదివారం ఆయన నన్ను లేపలేదు. అలిగారో, నిద్ర చెడగొట్టకూడదనుకున్నారో తెలియదు. నేనే లేచి, తయారై, బండి దగ్గర నిలబడ్డాను.