మా బీడును సోలారోళ్లకు చూపించను పోయినరోజు

పొద్దున ఆరున్నరకు చింతామణి బస్టాండులో బాగేపల్లి బస్సెక్కినాను. ఆడోళ్లకు టికెట్టు దుడ్డు లేదు, ఆధార్ చూపిస్తే చాలు. కిటికీ పక్క సీటు మాత్రం కొట్లాడి తెచ్చుకోవాల. గూళూరు దగ్గర నా పేరూ మా అన్న పేరూ కలిసి మూడెకరాల మెట్టచేను ఉండాది. సోలారు కంపెనీవాళ్లు చూడను వస్తారంట, నచ్చితే గుత్తకు తీసుకుంటారంట. "సంతకానికి నువ్వూ ఉండాలమ్మా" అని అన్న ఫోన్ చేసినాడు.

పక్కన కూర్చున్న మిట్టేమరి పెద్దామెకు ఇదంతా చెప్పినా. "మా ఊర్లో బండలుండే చేను తీసుకున్యారు తల్లీ, పక్కన సాపుగా ఉండేది ఇడిసిపెట్టినారు" అనింది. ఎందుకమ్మా అంటే, "ఎవురికి తెలుసు, ఫోన్లో ఏందో చూస్తారు" అనింది. నాకు ఆడికే తల తిరగను మొదలైంది.

ఎనిమిదిన్నరకు బాగేపల్లి. బస్టాండు ఎదురుగా హోటల్లో రెండిడ్లీ, ఒక వడ తిన్యా. చట్నీ బాగుంటాది, మీరు పోతే మొహమాటం లేకుండా రెండోసారి ఏయించుకోండి. తొమ్మిదింపావుకు గూళూరు బస్సు.

ఈసారి వాన అదునుకు పడింది, దారి పొడుగునా శెనక్కాయ చేన్లు పచ్చగా ఉండాయి. మా చేను కాడ దిగి చూస్తే ఉత్త మన్నే. ఒక్క మొక్క లేదు.

"ఇత్తనం ఏమాయన్నా?"

"ఇంట్లోనే ఉండాది. పైరుండే భూమిని సోలారోళ్లు ముట్టుకోరంట, బీడే కావాలంట. ఎరువుల అంగట్లో అందరూ అదే మాట. అందుకే ఎయ్యలేదు."

తిట్టను నోరు తెరిచి, నిజమేనేమో అని గట్టు మీద కూర్చున్యా.

పదకొండున్నరకు ఇంజనీరు వచ్చినాడు. ఫోన్ పట్టుకొని నాలుగు మూలలూ తిరిగినాడు. "పడమట గుట్ట ఉందమ్మా, మధ్యాహ్నం దాటితే నీడ. కరెంటు లైను కూడా దూరం. ఇది కుదరదు" అన్నాడు.

"బీడుగా పెట్టినాం కదప్పా!" అన్నాడు అన్న.

"పైరుతో మాకేం పని? ఉంటే కోత అయ్యేదాకా ఆగుతాం."

అన్న తలగుడ్డతో మొహం తుడుచుకున్యాడు. "కరెంటు తీసే గాలి ఫ్యాన్లకైనా పనికొస్తాదా?"

"గాలి వేరే లెక్క. స్తంభం పెట్టి ఏడాదిపాటు కొలవాలి. రావచ్చు, రాకపోవచ్చు."

రెండింటికి తిరుగు బస్సు. మీలో ఎవురన్నా చేను చూపించను పోతే ఎండను నమ్ముకోని పోవద్దండి. నెత్తి మాడే ఎండ ఉండే చేను ఎండకే పనికిరాదన్యారు, నాకిప్పటికీ మింగుడుపడలేదు.

చేలూరు దాటినాక అన్నకు ఫోన్ చేసినా. "వచ్చే ఏడు శెనక్కాయ ఎయ్యన్నా."

"ఆ ఇంజనీరు పైకి అట్లంటాడమ్మా. లోపల బీడే చూస్తారంట. గాలోళ్లు వస్తే?"

"నీ కాళ్లకు మొక్కుతా, ఎయ్యి!" అని అరిచినా. బస్సులో అందరూ నాపక్కకు తిరిగినారు.

"సరే, చూద్దాం లే" అన్నాడు.