నిమ్మకాయ మచ్చ

మా ఊరి మారెక్క కూతురు మల్లీశ్వరి అచ్చులు చేసే పని నేర్చుకుంటానన్నప్పుడు అవి ఇటుకల అచ్చులో బెల్లం అచ్చులో ఊళ్ళో ఎవరికీ అర్థం కాలేదు. నాకూ కాలేదు. నేను సోమందేపల్లె దగ్గర హైవే పక్క షెడ్లకు జనాన్ని చేరవేసే ఆటోవాణ్ణి. ఒకరోజు దారిలో ఆ పిల్లే విడమర్చి చెప్పింది. డబ్బా మూతైనా, కారు దీపం తొడుగైనా ప్లాస్టిక్‌లో పొయ్యాలంటే ముందు ఉక్కులో దాని అచ్చు తయారు కావాలట. ఆ అచ్చు చేసేవాళ్ళను టూల్ అండ్ డై మేకర్ అంటారట. ఐటీఐలో ఆ చదువే చదివింది. ఇక ఏదో ఒక షెడ్డులో అప్రెంటిస్‌గా చేరి చేతికి పని పట్టించుకోవాలి. లేకపోతే ఆ సర్టిఫికెట్ గోడకు మేకు కొట్టి తగిలించుకోవడమే.

నా ఆటోలోనే షెడ్డు షెడ్డూ తిరిగింది. ఒకాయన, "ఆడోళ్ళకు బాత్‌రూం లేదు పాపా" అన్నాడు. ఇంకొకాయన, "నేర్పిచ్చేది మేము, పెండ్లి చేసుకోని పొయ్యేది నువ్వు" అన్నాడు. మూడోచోట అట్టపెట్టెలకు టేపు అంటించే పని ఇస్తామన్నారు. "ఆ పనికైతే నేను చదవాల్సిన పని లేదు సార్" అని లేచి వచ్చేసింది. పొగరున్న పిల్ల అన్నారు. గొర్రెలు కాసుకునేవాళ్ళ పిల్లకు పొగరుంటే లోకానికి ఎందుకో అంత మంట.

చివరికి విష్ణువర్ధన్ ఒప్పుకున్నాడు. భూములున్న మనిషి, రాజకీయాల్లో తిరిగిన మనిషి, అచ్చులు చేసే టూల్ రూం కూడా ఒకటి పెట్టాడు. "దసరా దాకా ఊరికే పని చెయ్యి పాపా. నచ్చితే పండగ అయినాక అప్రెంటిస్ కాగితాలు రాపిస్తా" అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ షెడ్డుకు పూజారి సోమప్ప మేస్త్రి.

మొదటిరోజే ఆమె ముందు ఒక ఇనప ముద్ద పడేశాడు సోమప్ప. "ఆకురాయితో నాలుగు పక్కలా అరగదీయి. మూలమట్టం పెడితే సందులో వెలుగు కనపడగూడదు" అన్నాడు. అరచేతులు బొబ్బలెక్కి, బొబ్బలు పగిలి, గుడ్డ చుట్టుకుని మరీ అరగదీసింది. ఎంత వెతికినా వెలుగు కనపడకుండా చేసి తెచ్చి చూపిస్తే, సోమప్ప దాన్ని తీసుకుని బండల మీదికి వదిలేశాడు. "మూల నలిగిపోయిందే. ఇంగోటి తీసుకో" అన్నాడు. నేను వాకిట్లో నిలబడి చూశాను. ఆ పిల్ల వంగి ఇంకో ముద్ద తీసుకుంది.

అలా మొండిగా ఉండి ఉండి, దసరా ముందర ఒక మూత అచ్చుకు నునుపు పెట్టే పని సంపాదించింది. సన్నరాయితో రుద్ది, వజ్రపు పేస్టుతో రుద్ది, మూత పడే గుంటను అద్దంలా తేల్చింది. "దాంట్లో నా మొగం కనపడతాండాదన్నా" అని ఆటోలో నాతో చెప్పింది. ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు.

ఆయుధపూజకు పనివాళ్ళ ఇంట్లోవాళ్ళందరినీ పిలవడం ఆ షెడ్డులో వాడుక. నా ఆటో కూడా కడిగి వరసలో పెట్టాను. మారెక్క కొత్త చీర కట్టుకుని, కొంగున పసుపు కుంకుమ నిమ్మకాయలు ముడేసుకుని వచ్చింది. వాళ్ళింట్లో ఏటా కొడవలికీ, గొర్రెబొచ్చు కత్తిరించే కత్తెరకూ చేసే పూజే ఆమెకు తెలిసిన పూజ.

"యాడే నువ్వు చేసింది?" అని కూతుర్ని అడిగింది.

మల్లీశ్వరి దూరం నుంచే బల్లమీది అచ్చును వేలు పెట్టి చూపించింది. అంతలో విష్ణువర్ధన్ భార్య హారతి పళ్ళెం అందుకోమని పిలిస్తే అటు వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి మారెక్క పసుపు తడిపి అచ్చంతా పూసింది, బొట్లు పెట్టింది, దిష్టి తీసిన నిమ్మకాయను కోసి ఆ అద్దంలాంటి గుంటలో రెండు చెక్కలూ బోర్లించి దండం పెట్టుకుంటోంది.

పిల్ల పరుగున వచ్చింది. "మా, దానికి తడి తగలగూడదు" అంటూ నూనెగుడ్డ అందుకుంది. సోమప్ప ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"పూజలో పెట్టినదాన్ని పండగ దాటేదాకా ముట్టుకోగూడదు, తెల్దా? కన్నతల్లి పెట్టిన పసుపు తుడిచేస్తావా?"

విష్ణువర్ధన్ చేతులు జోడించుకునే, "ఉండనీ పాపా. దేవుని కంటే ఎక్కువనా మన పని?" అన్నాడు. అందరూ నవ్వారు. మారెక్క కూడా నవ్వింది. షెడ్డుకు తాళం పడింది.

పండగ దాటి తాళం తీసేసరికి గుంటలో రెండు నల్లటి చందమామలు. చుట్టూ తుప్పు. విష్ణువర్ధన్ అందరినీ నిలబెట్టి, "ఎవరు పెట్టినారు నిమ్మకాయ?" అని అడిగాడు. దండం పెట్టుకుని నిలబడి చూసిన మనిషే అడిగాడు. ఆ రోజు చెయ్యి పట్టి ఆపిన సోమప్ప వెనక్కి జరిగి నిలబడ్డాడు. తల్లి పేరు ఆ నోళ్ళలో నానడం ఇష్టంలేక పిల్లే, "నేనే సార్" అంది.

"అయితే నువ్వే పోగొట్టు."

కూర్చుని రుద్దింది. మధ్యాహ్నం లోపలే మచ్చలు పోయాయి, గుంటలో మళ్ళీ మొహం కనపడింది. విష్ణువర్ధన్ వంగి మీసం చూసుకుని, "బాగుండాది. ఇంగ పో పాపా, ఉక్కుకు పసుపు పూసేవాళ్ళు నాకొద్దు" అన్నాడు. ఆ వారమే సోమప్ప చెల్లెలి కొడుకు ఆ బల్ల దగ్గర కూర్చున్నాడు. పూటలో పోయే మచ్చకు ఒక పిల్ల బతుకును బలిపెట్టారు. వాళ్ళు మనుషులు కారని నేను ఇప్పటికీ అంటాను.

ఇంట్లో మాత్రం, "ఆడపిల్లలు వద్దంట మా" అని చెప్పింది మల్లీశ్వరి.

మారెక్క ఊరుకోలేదు. కూతురికి తెలియకుండా నాటుకోడిని చంకన పెట్టుకుని నా ఆటో ఎక్కి షెడ్డు గేటు దగ్గర దిగింది. "సామీ, దానికి పనంటే పానం. ఇంగొకసారి చూడండి" అని సోమప్పను బతిమాలింది. సోమప్ప కోడిని చేతిలోకి తీసుకుని బరువు చూశాడు.

"నీ నిమ్మకాయే నీ కూతురి పని మింగింది మారెక్కా. ఆ పిల్ల పాపం, నేనే పెట్టినా అని నెత్తినేసుకుండాది. నీకు చెప్పలేదా?"

కోడిని తిరిగి ఇవ్వలేదు. మారెక్క వట్టి చేతుల్తో ఆటో ఎక్కింది. ఊరు వచ్చాక దిగుతూ, "నాకు తెల్సినట్ల మల్లికి చెప్పొద్దప్పా" అంది.

ఇప్పుడు మల్లీశ్వరి అట్టపెట్టెలకు టేపు అంటిస్తోంది. అప్పుడు కాదని లేచి వచ్చిన షెడ్డులోనే. రోజూ నా ఆటోలోనే వెళ్తుంది, కానీ పని మాట ఎత్తదు.

ఈ ఏడు ఆయుధపూజ నాడు ఆటోకు కట్టడానికి బంతిపూలు అడుగుదామని వాళ్ళింటికి వెళ్ళాను. గోడవారగా కొడవలి, కత్తెర పెట్టి ఉన్నాయి. పసుపు లేదు, కుంకుమ లేదు. మారెక్క ఒక నూనెగుడ్డతో కత్తెరను తుడిచిందే తుడుస్తోంది.

"ఏంమా, పసుపు పెట్టవా?" అని మల్లీశ్వరి అడిగింది.

"తుప్పు పడతాది" అంది మారెక్క, తల ఎత్తకుండా.

పిల్ల చేతిలో పూలు అలాగే ఉండిపోయాయి. తల్లికి ఎప్పటినుంచి తెలుసో ఆమె అడగలేదు. నేను పూలు అడగకుండానే వచ్చేశాను.