చేతులు రుద్దినంకనే

మా పక్కింటి ఖాలా మొన్న పోయింది. పొద్దుగాల చాయ్ తాగి గోడకు ఒరిగి కూసున్న మనిషి అట్లనే ఉండిపోయింది. ఖాలా అంటే వాళ్ల ఉర్దూ మాటల చిన్నమ్మ. మా వాడకట్టుల అందరికీ ఆమె ఖాలానే. నేను బాగ ఏడ్చిన. ఏడ్చుకుంటనే మనసుల ఒక మాట మెదిలింది: ఇగనన్న నా బిడ్డ నా దిక్కు చూస్తదేమో! మీరేమన్న అనుకోండ్రి, ఆమె మీద నాకు కుళ్లు ఉండె. ఇంక పోలే.

బిడ్డకు నాలుగో నెల పడంగనే నేను లంగాలు కుట్టే షెడ్డుకు పోవుడు మళ్ల మొదలువెట్టిన. మా ఆయన పొద్దంత సాంచాల కాడ బట్ట నేస్తడు. బిడ్డను ఖాలానే చూసుకునేది.

ఆమె తీరే వేరు. రాంగనే పిల్లను ఎత్తుకోకపోయేది. పక్కన కూసోని, పిల్ల చెవికాడ రెండు అరచేతులు గరగర రుద్దేది. "ముందుగాల చప్పుడు వినాలె, వేడి తగలాలె, గప్పుడు ముట్టాలె బేటీ. చెప్పకుంట ముడితే నువ్వు ఉలికిపడవా?" అనేది. ఆ చప్పుడు వింటే చాలు, నా బిడ్డ నూనె రాయమని కాలు చాపేది. నాకెన్నడన్న చాపిందా? లే.

నూనె అయినంక ఆటలు. తాంబాళంల నానిన జొన్నలు పోసి, నోట్ల పెట్టుకోకుంట చెయ్యి పట్టుకొని తడిమిపిచ్చేది. చల్లటి చెంచా చెంపకు ఆనిచ్చేది. నిమ్మతొక్క వాసన చూపెట్టేది. సాంచాల కాడ మిగిలిన మెత్తటి గుడ్డ ఒకరోజు, గరుకు గోనెముక్క ఇంకోరోజు. అన్ని ఒక్కసారి ఎన్నడు ఇయ్యలే.

నేను ఊకుంటనా? కరీంనగర్ పోయి తొట్టెల మీద తిరిగే పాటల బొమ్మ తెచ్చిన. రంగురంగుల లైట్లు! గా చెంచా ముంగట ఇది గెలువదా అనుకున్న. పిల్ల జరసేపు చూసి మొకం తిప్పుకున్నది. సౌండు ఇంకింత పెంచిన. కండ్లు గట్టిగ మూసుకొని ఒక్కటే ఏడుపు. ఖాలా వచ్చి మెల్లగ బంద్ జేసింది.

"మొకం తిప్పిందంటె చాలు అంటుంది బేటీ. జర చుప్ ఉండనియ్యి."

"నా బిడ్డ సంగతి నాకు తెల్వదా?" అన్న.

ఆమె నవ్వింది. "తెలుస్తది, ఫికర్ జెయ్యకు. చేతులు ఇటు తే," అని నా అరచేతులు పట్టి రుద్దిపియ్యబోయింది. నేను గుంజుకున్న. ఆమె మీద మండుతుండె మరి!

నిన్న షెడ్డుకు పోలే. ఖాలా వాడే నువ్వుల నూనెనే గోరువెచ్చగ చేసి బిడ్డ కాలు పట్టుకున్న. కాలు గుంజుకొని ఏడుపు అందుకున్నది. ఎత్తుకున్నా ఆగలే, పాలిచ్చినా ఆగలే. కన్నతల్లిని, నేనేం పాపం జేసిన అని నాకు గూడ ఏడుపు వచ్చింది.

చాప మీద పండవెట్టి, దాని చెవికాడ నా చేతులు రుద్దిన. సూది గుచ్చుకొని గరుకైన చేతులు, ఖాలా చప్పుడు యాడ వస్తది? అయినా ఏడుపు ఆగింది. బిడ్డ తల తిప్పి ముందుగాల తలుపు దిక్కే చూసింది. అగో, పోయిన మనిషి మీద గూడ నాకు కుళ్లు లేసింది.

మళ్ల రుద్దిన. ఈసారి నా మొకం చూసింది. నా చేతులు చూసింది. చూసుకుంటనే మెల్లగ కాలు చాపింది.

ఎవలకోసం చాపినవే అని అడుగబోయి, నూనె గిన్నె దగ్గరికి జరుపుకున్న. ఆ కాలు గాలిల అట్లనే ఉన్నది.