చర్చి చుట్టూ బంతిమొక్కలు

చర్చి ఆవరణలో సమాధులుంటాయన్న ముక్క కూడా తెలియకుండా ఇంగ్లీషు పాఠం చెప్పబోయి నేను ప్రొబేషన్ పొడిగించుకున్నానని మా స్కూలువాళ్లు ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. పొడిగించిన మాట నిజం. తెలియదన్నది అబద్ధం.

1967 జూన్‌లో నెల్లిమర్ల దగ్గరి ఒక బాలికల హైస్కూల్లో బి.ఇడి. అసిస్టెంటుగా చేరాను. ప్రొబేషన్ రెండేళ్లు. తనిఖీ రిపోర్టులు బాగుంటేనే ఉద్యోగం ఖాయమవుతుంది. రెండో ఏడు తనిఖీకి ఇన్‌స్పెక్ట్రెస్ గారు వస్తున్నారని కబురొచ్చింది. ఆడపిల్లల స్కూళ్లకు అప్పట్లో ఆడ అధికారే వచ్చేది.

ఎనిమిదో తరగతి వాచకంలో ఇంగ్లండులోని ఒక చిన్న పల్లె మీద పాఠం ఉండేది. పదిహేను ఇళ్లు, మధ్యలో ఆరేడు వందల ఏళ్లనాటి రాతి చర్చి, చుట్టూ సమాధులు. ఆదివారం ఊరి జనం తమ తాతముత్తాతల సమాధుల పక్కనుంచే నడిచి ప్రార్థనకు వెళతారు. పాఠానికి ప్రాణం ఆ నడకే.

తనిఖీ పాఠానికి బోధనోపకరణం తప్పనిసరి. అంటే నల్లబల్ల కాకుండా పిల్లలకు చూపించే వస్తువు ఏదో ఒకటి ఉండాలి. అట్టతో చర్చి కట్టాను. పెంకుముక్కలు అరగదీసి సమాధులు నిలబెట్టాను. టీచింగ్ నోట్సులో సమాధులతో సహా బొమ్మ గీసి, హెడ్‌మిస్ట్రెస్ గారి చేత ఆకుపచ్చ సిరా సంతకమూ పెట్టించుకున్నాను. ఆవిడ చూడకుండానే సంతకం పెడతారని అప్పటికి నాకు తెలియదు.

తనిఖీకి రెండు రోజుల ముందు ఆవిడ నమూనాను కళ్లారా చూశారు.

“ఏటమ్మా ఇది? గుడి సుట్టూ గోరీలేటి? బల్ల మీద వల్లకాడు పరిసీసినావు!”

పాఠంలో అలాగే ఉందన్నాను.

“పాఠంలో ఉంటే పాఠంలోనే ఉండనీ. పిల్లలు వీటిని ముట్టుకుని తానాలు సెయ్యకుండా ఇళ్లల్లోకెల్తే, ఆళ్లమ్మలొచ్చి తిట్టీది నన్ను. తీసీ. ఆ జాగాలో బంతిమొక్కలెట్టు, కళగా ఉంటాది.”

ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు వాదించకూడదు. నేను అరగంట వాదించాను. తర్వాత బంతిమొక్కలు పెట్టాను.

ఇన్‌స్పెక్ట్రెస్ గారు పాఠం సగంలో లేచి వచ్చి నమూనా చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. ఇందులో ఏం తక్కువైందని తరగతిని అడిగారు. చివరి బెంచీలో మరియమ్మ అనే పిల్ల లేచింది.

“గోరీలు లేవండి. మొన్నటిదాకా ఉండీవండి. పెద్దమ్మగారు తీయించీసి బంతిమొక్కలెట్టించినారండి.”

గోడవారన నిలబడిన హెడ్‌మిస్ట్రెస్ గారు గుక్క తిప్పుకోకుండా అందుకున్నారు. “దానికేటి తెలుసండీ, సిన్నపిల్ల! మా టీచరమ్మే కొత్త. ఆవిడకి తెలీక ఒగ్గీసినాది.”

నేను నోట్సు తెచ్చి ఆకుపచ్చ సంతకమున్న పేజీ తెరిచి చాపేసరికి రిపోర్టు రాయడం అయిపోయింది. రిపోర్టు రాసేశాక నోట్సు చూడరని సెలవిచ్చారు ఇన్‌స్పెక్ట్రెస్ గారు. ‘బోధనోపకరణం అసంపూర్ణం, ఉపాధ్యాయినికి విషయంపై పట్టు చాలదు’ అన్నది ఆ రిపోర్టు. ప్రొబేషన్ మరో ఏడాది సాగింది. పూలతోట మాత్రం ముచ్చటగా ఉందని ఆఫీసు గదిలో కాఫీ తాగుతూ మెచ్చుకున్నారట.

నోటిమాటగా వచ్చిన ఉత్తర్వును ఆ పూటే కాగితం మీద పెట్టి సంతకం తీసుకోవాలని అప్పుడు నేర్చుకున్నాను. మిగతా సర్వీసంతా అలాగే చేశాను. ఏ హెడ్‌మిస్ట్రెస్సుకూ నేనంటే గిట్టేది కాదు. పని మాత్రం సవ్యంగా జరిగింది.

ఒక్కటి మాత్రం తేలలేదు. మరియమ్మ ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే పిల్ల. ఎక్కడో ఇంగ్లండులో ఉన్న చర్చి గురించి మూడు వారాలు ఆ పిల్లను కూర్చోబెట్టి ఊదరగొట్టిన నేను, “మీ చర్చి ఎలా ఉంటుందే?” అని ఒక్కసారైనా ఎందుకు అడగలేదు?